అగ్రహారము నుండి విశ్వవిద్యాలయమునకు – తెలుగువారి నృత్యవిద్య

విద్య యనగా అక్షరవిద్యయే యని లోకమున నొక తలంపు గలదు. వైద్యము, న్యాయశాస్త్రము, ఇంజనీరింగు మొదలగునవి కళాశాలలో చదువదగినవనియు, ఆటపాటలు ఇంటిపట్టున పొద్దుపుచ్చుటకు నేర్చుకొనదగినవనియు పలువురు విభజించి చెప్పుచుందురు. అట్టి యింట నొక బాలిక విశ్వవిద్యాలయమున నృత్యము చదివెదనని చెప్పినచో, పెద్దల నోట మొదట వెలువడు ప్రశ్న ఒక్కటే: "అది చదివి ఏమి చేసి బ్రతుకుదువు?" ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. కన్నబిడ్డ మేలు కోరువారు అడుగవలసిన ప్రశ్నయే యది. అయితే దీనికి సమాధానమును ఊహలలో కాక చరిత్రలో వెదకవలెను.

తెలుగునాట నృత్యము ఏ కాలమునను వట్టి వినోదము కాదు. కొన్ని కుటుంబములకు అది కులవృత్తి. ఒక గ్రామమునకు అది మాన్యము తెచ్చిన విద్య. కొందరు స్త్రీలకు అది దేవాలయపు కొలువు. కాలము గడచుకొలది మారినది నృత్యము వృత్తియా కాదా యను విషయము కాదు. ఎవరు నేర్వవచ్చును, ఎవరు నేర్పవలెను, నేర్చినవారిని ఎవరు పోషింపవలెను అను మూడు విషయములే మారినవి. ఈ మూడింటి మార్పును వరుసగా పరిశీలించినచో, హైదరాబాదు నగరమునకు పడమట, హైటెక్ సిటీకి చేరువనున్న గచ్చిబౌలిలో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయము నృత్యమునకు పట్టమిచ్చుట ఎట్లు సంభవించినదో తెలియగలదు.

రాజాస్థానము – గ్రంథము

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కొలువున గజసాహిణిగా, అనగా ఏనుగుల దళమునకు అధిపతిగా నుండిన జాయప సేనాని 1253–54 ప్రాంతమున సంస్కృతమున "నృత్తరత్నావళి" యను గ్రంథమును రచించెను. ఇందు ఎనిమిది అధ్యాయములు గలవు. మొదటి నాలుగు శాస్త్రసిద్ధమైన మార్గ పద్ధతిని, తక్కిన నాలుగు ఆయా దేశములందు వాడుకలోనున్న దేశి పద్ధతిని వివరించును. కత్తిపట్టిన సేనాని కాలిగజ్జెలను గురించి ఇంతటి శాస్త్రము వ్రాయుటను బట్టి, ఆనాటి ఆస్థానములలో నృత్తమునకు ఎంతటి గౌరవముండెనో ఊహింపవచ్చును.

జాయప వర్ణించిన దేశి నృత్తములలో పేరణి యొకటి. 1323లో ఓరుగల్లు కూలిన పిమ్మట ఆ నృత్తమును పోషించు రాజులు లేకపోయిరి. కాలక్రమమున ఆడువారును లేకపోయిరి. గ్రంథము మాత్రము వ్రాతప్రతులలో నిలిచియుండెను. 1965లో దానిని పండితుడైన వి. రాఘవన్ పరిష్కరించి మద్రాసున ప్రకటించెను. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెలుగున అనువదించెను. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ గ్రంథమును, 1213 నాటి రామప్ప గుడి శిల్పములను జోడించి పరిశీలించి, పేరిణి శివతాండవమను పేర ఆ నృత్తమును మరల రంగస్థలమునకు తెచ్చెను. ఆ రామప్ప గుడియే 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

ఈ వృత్తాంతమున ఒక నీతి యిమిడియున్నది. దేహము మరచినదానిని గ్రంథము దాచగలదు. కాని గ్రంథమున దాగినదానిని దేహమునకు మరల తెచ్చుటకు, చదువును సాధనయు ఒక్క మనిషియందే కూడియుండవలెను. నృత్యమునకు విశ్వవిద్యాలయ మెందుకని అడుగువారికి దొరకు మొదటి సమాధాన మిదియే.

కూచిపూడి అగ్రహారము

రెండవ తీరు విద్యాలయము కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామము. విజయనగర కాలమునకే కూచిపూడి భాగవతులు దేశసంచారము చేయుచుండిరని మాచుపల్లి కైఫీయతు వలన తెలియుచున్నది. సిద్ధవటపు సీమను ఏలుచున్న సమ్మెట గురవరాజు ప్రజలను హింసించు తీరును వారు ప్రభువు ఎదుట కేళికగా ఆడి చూపిరనియు, దానిచే ప్రభువు నిజము గ్రహించెననియు అందు చెప్పబడినది. సిద్ధేంద్రయోగి భామాకలాపమును కూర్చి, గ్రామములోని ప్రతి బాలుడును జీవితమున నొక్కసారియైన సత్యభామ వేషము కట్టవలెనని కట్టడి చేసెనని సంప్రదాయము. 1672 నుండి 1687 వరకు గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా వారి ఆట చూచి మెచ్చి గ్రామమును అగ్రహారముగా నిచ్చెనని పెద్దలు చెప్పుదురు.

ఈ యేర్పాటులో పాఠశాల లేదు, పరీక్ష లేదు, పట్టము లేదు. ఇల్లే పాఠశాల. తండ్రియో, తాతయో, మేనమామయో గురువు. ఊరూర రాత్రివేళ కాగడాల వెలుగున, తెర పట్టి ఆడిన ఆటయే పరీక్ష. ఆట బాగున్నచో మరుసటి యేడు కూడ ఆ యూరివారు పిలుతురు, బాగులేనిచో పిలువరు. పాట, మాట, తాళము, అభినయము, వేషరచన అన్నియు ఒక్క మేళములోనే యలవడుటచే పదునైదేండ్ల బాలుడు సైతము రంగస్థలపు మర్మములన్నియు ఎరిగియుండెడివాడు. ఇట్టి సంపూర్ణ శిక్షణము ఏ కళాశాలకును సులభముగా అందునది కాదు.

అయితే ఆ తలుపు కొన్ని కుటుంబములకే తెరచియుండెడిది. ఆ కుటుంబములందును మగపిల్లలకే. సత్యభామ పాత్రకు జగద్విఖ్యాతి తెచ్చి, 1970లో పద్మశ్రీ పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ పురుషుడే. స్త్రీ వేషమునకు ఇంతటి ప్రతిష్ఠ గల యా గ్రామమున స్త్రీ ఆటకు చోటు లేకుండెను. ఇరువదవ శతాబ్దమున వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు ఆ కట్టును సడలించి స్త్రీలకు నేర్పిరి. మదనపల్లెలో జన్మించిన యామినీ కృష్ణమూర్తి (1940–2024) వంటి నర్తకీమణులు ఆ విద్యను దేశ దేశములకు కొనిపోయిరి. 1963లో వెంపటి చినసత్యం మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, కులభేదము, లింగభేదము లేక శిష్యులను చేర్చుకొని, నేర్పు తీరును పాఠక్రమముగా దిద్దెను. ఆయన కూర్చిన నృత్యనాటకములు నగర రంగస్థలములకు తగినట్లు కాలపరిమితి గలవి. 1998లో ఆయనకు పద్మభూషణ్ బిరుదము లభించినది. ఆయన శిష్యురాలు శోభానాయుడు (1956–2020) హైదరాబాదున శ్రీనివాస కూచిపూడి నృత్య అకాడమీని నెలకొల్పి వేలకొలది బాలికలకు నేర్పినది. ఇట్లు అగ్రహారపు విద్య నగరమునకు వచ్చినది.

మూతపడిన మూడవ తలుపు

మూడవ తీరు విద్యాలయము దేవాలయమును, దానిని ఆశ్రయించియున్న కలావంతుల యిండ్లును. ఇచ్చట గురువులును శిష్యులును ప్రధానముగా స్త్రీలు. తల్లి బిడ్డకును, పెద్దమ్మ చెల్లెలి కూతురునకును నేర్పెడివారు. సంస్కృతాంధ్రములు, సంగీతము, పదాభినయము వారి విద్యలు. కులస్త్రీలకు అక్షరము నేర్పుటయే తప్పుగా తలచిన కాలమున, చదువను వ్రాయను నేర్చిన స్త్రీలు అనేకులు ఆ యిండ్లలోనే యుండిరి.

ఈ వ్యవస్థలోని అన్యాయమును దాచుట తగదు. పసిబిడ్డను దేవునికి అంకితము చేసి, ఆమె వివాహపు హక్కును హరించి, ధనవంతుల యిచ్చకు విడిచిపెట్టుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు. కందుకూరి వీరేశలింగము మొదలగు సంస్కర్తలు భోగము మేళములను ఖండించిరి. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనసభలో పోరాడినది. తుదకు 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ అంకితమును నిషేధించు చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటికిని వర్తించునట్లు 1988లో మరియొక చట్టము చేయబడినది.

చట్టము స్త్రీని దాస్యమునుండి విడిపించినది. అది మేలే. కాని దాస్యముతో పాటు ఆమె విద్యయు నిరాదరణకు గురియైనది. గుడిలో కొలువు పోయినది. పెండ్లిండ్లలో మేళము పోయినది. విద్యను కూతురునకు నేర్పుట నింద తెచ్చు పనియైనది. అదే కాలమున మద్రాసున 1936లో రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రము మొదలగు సంస్థలలో, గౌరవకుటుంబముల బాలికలు నృత్యము నేర్చుకొనసాగిరి. ఒక యింట ఆపబడిన విద్య మరియొక యింట అలంకారమైనది. నటరాజ రామకృష్ణ వృద్ధులైన ఆ కళాకారిణులను వెదకి, హైదరాబాదునకు రప్పించి, వారి అభినయమును లోకమునకు చూపి, ఆంధ్రనాట్యమను పేర దానిని నిలిపెను. స్వప్నసుందరి వారి యొద్ద నేర్చినదానిని విలాసినీ నాట్యమను పేర ప్రదర్శించినది. ఇట్టివారి ప్రయత్నముల వలన కొంత మిగిలినది. మిగిలినదానికంటె పోయినదే హెచ్చు.

అకాడమీల కాలము

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజులు, జమీందారులు పోయిరి. వారి స్థానమున ప్రభుత్వము కళాపోషకురాలైనది. 1953లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ ప్రారంభమైనది. 1958లో ఆ సంస్థ జరిపిన అఖిల భారత నృత్య సదస్సులో కూచిపూడికి తగిన స్థానము దక్కలేదని తెలుగు పెద్దలు భావించిరి. విస్సా అప్పారావు, బందా కనకలింగేశ్వరరావు మొదలగువారు కూచిపూడి ప్రత్యేక శాస్త్రీయ నృత్యమని వాదించిరి. 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదున కూచిపూడి నృత్య సదస్సును జరిపినది. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసినది. పిమ్మట అది తెలుగు విశ్వవిద్యాలయపు నీడకు చేరినది. 1961లో రవీంద్రుని శతజయంతి జ్ఞాపకముగా హైదరాబాదున రవీంద్రభారతి రంగస్థలము తెరువబడినది.

ఈ వాదములవలన ఒక విషయము స్పష్టమైనది. ఆట ఎంత గొప్పదైనను, దాని చరిత్రను, లక్షణమును, పరంపరను ప్రమాణములతో నిరూపింపగల పండితులు లేనిచో, దేశసభలో దానికి పీట దొరకదు. గజ్జె కట్టినవారికి కలము పట్టుటయు తెలియవలసిన యవసరము అప్పుడే తెలుగువారికి అనుభవమునకు వచ్చినది.

విశ్వవిద్యాలయమున నృత్యము

నృత్యమునకు పట్టమిచ్చుట తెలుగుదేశమున పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము 1926లో నృత్యమును ప్రధాన పాఠ్యముగా నిచ్చుచు పట్టమునకు ఏర్పాటు చేసినది. దానికి మూలకారకురాలైన మార్గరెట్ డోబ్లర్ వృత్తిచే నర్తకి కాదు, వ్యాయామ విద్యాబోధకురాలు. రంగస్థలమునకు నర్తకులను తయారుచేయుట కంటె, నృత్యము ద్వారా మనిషిని తీర్చిదిద్దుటయే ఆమె ఆశయము. భారతదేశమున బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయము 1950 ప్రాంతముననే నృత్యమునకు విశ్వవిద్యాలయ విద్యలో చోటు కల్పించినది. 1962లో కలకత్తాలో రవీంద్రభారతి విశ్వవిద్యాలయము వెలసినది. తెలుగువారి వంతు కొంత ఆలస్యముగా వచ్చినది. 1985 డిసెంబరు 2వ తేదీన ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు తెలుగు విశ్వవిద్యాలయము స్థాపింపబడి, లలితకళలు దాని పాఠ్యాంశములలో చేరినవి. 1998లో పొట్టి శ్రీరాములు పేరు ధరించిన యా సంస్థకు తెలంగాణమున 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టబడినది.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు కథ వేరు. 1969 తెలంగాణ ఉద్యమము, 1972 ఆంధ్ర ఉద్యమము చల్లారిన పిమ్మట 1973లో కుదిరిన ఆరుసూత్రముల పథకమున, రాజధానిలో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయము నెలకొల్పవలెనను సూత్ర మొకటి. దానికై రాజ్యాంగము సవరింపబడినది. 1974లో విశ్వవిద్యాలయము ఏర్పడినది. మొదట అది నాంపల్లి ప్రాంతములో సరోజినీ నాయుడు పుట్టింటివారి భవనమున నడచినది. ఆ భవనమునకు ఆమె 1905 నాటి కవితాసంపుటి పేరే "గోల్డెన్ త్రెషోల్డ్" అని స్థిరపడినది. పిమ్మట గచ్చిబౌలిలోని బండరాళ్ళ నడుమ, చెరువుల ఒడ్డున, రెండువేల యెకరములకు మించిన భూమిలో విశ్వవిద్యాలయము విస్తరించినది.

1988లో ఆ విశ్వవిద్యాలయమున సరోజినీ నాయుడు పేర ప్రదర్శన కళలు, లలితకళలు, ప్రసార విద్యల విభాగము స్థాపింపబడినది. అందు నృత్యశాఖ యొకటి. కూచిపూడి, భరతనాట్యములలో ఎం.పి.ఏ., అనగా ప్రదర్శన కళలలో ఎం.ఏ. స్థాయి పట్టము, రెండు సంవత్సరముల చదువు, దానిపై పిహెచ్.డి. పరిశోధనము.

ఈ 1988 సంవత్సరమును పాఠకులు గుర్తుంచుకొనదగును. దేవదాసీ అంకితమును రాష్ట్రమంతట నిషేధించిన చట్టము పుట్టిన యేడే, నృత్యమునకు ఉన్నత విద్యాపీఠమును పుట్టినది. ఒక వైపు పుట్టుకచే నర్తకియగు పద్ధతికి చట్టము తుది వాక్యము పలికినది. మరియొక వైపు, ఏ కులమునందు పుట్టినను, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, ప్రవేశ పరీక్షలో నెగ్గినచో నర్తకుడు కావచ్చునని విద్యాలయము తలుపు తెరచినది. పుట్టుక పోయి అర్హత వచ్చినది. తెలుగువారి నృత్య చరిత్రలో ఇంతకంటె పెద్ద మలుపు లేదు. అయితే ఆ తలుపు తెరచుకొనునప్పటికి, అభినయమున ఆరితేరిన కలావంతుల వృద్ధ స్త్రీలలో పెక్కుమంది గతించిరి. వారిని పీఠమువేసి గురుస్థానమున కూర్చుండబెట్టిన విద్యాలయములు మిక్కిలి అరుదు. ఈ ఋణము తీరలేదు.

ఏమి చదువుదురు?

ఆట రానివారికి ఆట నేర్పుట ఎం.పి.ఏ. చదువుకాదు. చేరువానికి అంతకుముందే బి.ఏ. వంటి పట్టమును, గురువునొద్ద పలు సంవత్సరముల సాధనయు నుండవలెను. ప్రవేశమునకు వ్రాతపరీక్షతో పాటు ఆడి చూపవలసియుండును. కావున పదియేండ్ల ప్రాయముననో, అంతకు ముందో గజ్జె కట్టినవారికే ఈ చదువు ఫలించును. ఇంటర్మీడియటు ముగిసిన పిమ్మట తోచి నృత్యము మొదలిడినవారు ఇచ్చట నిలుచుట కష్టము.

విశ్వవిద్యాలయమున జరుగునది, చేతనున్న విద్యను తెలిసి చేయుట. ముప్పది యారు అధ్యాయముల నాట్యశాస్త్రము, నందికేశ్వరుని అభినయదర్పణము, జాయప నృత్తరత్నావళి చదువవలెను. శాస్త్రమున చెప్పిన 108 కరణములను ఆలయ శిల్పములతో పోల్చి చూడవలెను. యక్షగానము, వీథినాటకము, భాగవతము వీని సంబంధము తెలియవలెను. ఇతర రాష్ట్రముల నృత్యములను, ఇతర ఖండముల నృత్యములను పరిచయము చేసికొనవలెను. క్రొత్త నృత్యమును కూర్చుట, తాళము పట్టి నట్టువాంగము చెప్పుట, వేదికపై దీపములను అమర్చుట, తుదకు ఒక విషయముపై వ్యాసము వ్రాయుట ఇట్టివన్నియు నృత్య విద్యార్థి నేర్వవలసినవే. గురువు చెప్పినది చెప్పినట్లు చేయు శిష్యుడు, "ఇది ఇట్లే ఏల?" అని అడుగుట ఇచ్చట నేర్చుకొనును. ఆ ప్రశ్న పాత గురుకులమున అవిధేయత. విశ్వవిద్యాలయమున అదే పాఠము.

క్రొత్త నగరము – క్రొత్త పోషకులు

విశ్వవిద్యాలయము గచ్చిబౌలికి వచ్చినప్పుడు చుట్టునున్నది రాతినేల. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించుటతో ఆ ప్రాంతపు ముఖము మారినది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపురము, నానక్‌రాంగూడ వరుసగా పెరిగి సైబరాబాదు అను పేరు పొందినవి. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు దేశపు నలుమూలల నుండి వచ్చి స్థిరపడిరి. హైటెక్ సిటీ ప్రక్కనే శిల్పారామమను చేతిపనుల గ్రామమును, దాని యావరణలో శిల్పకళావేదిక యను పెద్ద సభాభవనమును వెలసినవి. శిల్పారామపు వేదికపై వారాంతములందు శాస్త్రీయ నృత్య ప్రదర్శనములు జరుగుచుండును. బాలబాలికలకు కళలలో ఉపకారవేతనములిచ్చు కేంద్రప్రభుత్వ సంస్థ, సాంస్కృతిక వనరులు శిక్షణ కేంద్రము, తన ప్రాంతీయ శాఖను మాదాపురముననే నడుపుచున్నది.

2010 డిసెంబరు మాసాంతమున గచ్చిబౌలి క్రీడారంగమున, అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ జరిపిన అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనములో, 2,800 మంది నర్తకీనర్తకులు వెంపటి చినసత్యం కూర్చిన హిందోళ తిల్లానను ఒక్కసారిగా ఆడి గిన్నిసు పుస్తకమున కెక్కిరి. 2016లో విజయవాడలో ఆరువేలకు పైబడినవారు ఆడి ఆ సంఖ్యను మించిరి. ఆ సంస్థకు సంబంధించినవారే కాలిఫోర్నియాలో నెలకొల్పిన విశ్వవిద్యాలయమున కూచిపూడికి పట్టములు ఇచ్చుచున్నారు. తానీషా యిచ్చిన అగ్రహారమును తిని బ్రతికిన విద్యకు, నేడు సముద్రములకు ఆవలనున్న తెలుగు తల్లిదండ్రులు పోషకులైరి.

ఇందు మేలును కలదు, కీడును కలదు. వేలమంది ఒకేసారి ఆడుట కన్నుల పండుగ. కాని అభినయము కన్నుబొమ్మ కదలికలో నుండును. అది క్రీడారంగపు చివరి వరుసకు కనబడదు. రాశి పెరిగినప్పుడు వాసిని కాపాడవలసినవారు ఎవరు? చదివి తెలిసిన గురువులే. కావుననే విశ్వవిద్యాలయమునుండి వెలువడువారికి పని లేకపోలేదు.

బ్రతుకుతెరువు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. నృత్యమున పట్టము పొందినవారికి జీవనాధారము లెవ్వి?

వేదికపై ఆడి, ఆ రాబడితోనే కుటుంబమును పోషించుకొనువారు ఎన్నడును కొలదిమందియే. శాస్త్రీయ నృత్యమునకు వాద్యగాండ్ర వేతనము, ఆహార్యము, ప్రయాణము అన్నియు నర్తకియే భరింపవలసిన సభలు నేటికిని అనేకములు. ఈ సత్యమును విద్యార్థి తొలినాడే తెలిసికొనవలెను. దూరదర్శన్ శ్రేణి పొందుట, భారత సాంస్కృతిక సంబంధముల మండలి జాబితాకు ఎక్కుట, సంగీత నాటక అకాడమీ వారు 2006 నుండి నలుబది ఏండ్లలోపు వారికిచ్చు ఉస్తాద్ బిస్మిల్లాఖాన్ యువ పురస్కారము వంటివి సంపాదించుట పేరునకు మెట్లు. అవి నెల జీతములు కావు.

ప్రధానమైన జీవనాధారము బోధనము. విశ్వవిద్యాలయములలో, కళాశాలలలో అధ్యాపకపదవికి పి.జి. పట్టమును, విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి నెట్ పరీక్షయో పిహెచ్.డి. పట్టమో కావలెను, ఆ పరీక్షలో ప్రదర్శన కళలు ఒక విషయము. ఇట్టి పదవులు కొలదిగా నున్నను, వానికి పట్టము లేనివారు అర్హులు కారు. పాఠశాలలు కొన్ని నృత్యోపాధ్యాయులను నియమించుచున్నవి. స్వంతముగా నృత్యపాఠశాల నడుపువారే ఎక్కువమంది. సైబరాబాదు బహుళ అంతస్తుల యిండ్లలో శని ఆదివారములందు జరుగు తరగతులును, దృశ్యమాధ్యమమున ఉదయము వేళ అమెరికాలోని పిల్లలకు చెప్పు పాఠములును నేటి గురువుల యాదాయమున ముఖ్యభాగములు. 2020లో కరోనా వ్యాధి వలన రంగస్థలములు మూతపడినప్పుడు ఎందరో గురువులను ఈ పాఠములే ఆదుకొన్నవి. ఇవికాక చలనచిత్రములు, పత్రికలలో కళావిమర్శ, కళాసంస్థల నిర్వహణము, పరిశోధనము అను త్రోవలును గలవు.

కావున సమాధాన మిట్లు చెప్పవచ్చును. పట్టము వేదికను ఇవ్వదు. బోధించు అర్హతను, ఆలోచించు శక్తిని ఇచ్చును. వేదికను సాధన ఇచ్చును. పాత కాలపు భాగవతుడు సైతము ఒక్క ఆటతోనే బ్రతుకలేదు; అగ్రహారపు భూమి వెనుక నుండెను. నేటి నర్తకికి బోధనమే ఆ భూమి. దానిని చిన్నతనముగా తలచువారు ఈ త్రోవ తొక్కకుండుట మంచిది. గౌరవముగా తలచువారికి ఇది అన్నము పెట్టును.

పల్లెల వంతు

తుదకు ఒక మాట. నృత్యము పల్లెలలో పుట్టి నగరములకు వలసపోయినది. కూచిపూడి పల్లె; పాలంపేట పల్లె; కలావంతుల యభినయము బ్రతికినది గోదావరి, కృష్ణా తీరపు పల్లెలలో. నేడు గురువులు, సభలు, పరీక్షలు నగరమున చేరినవి. పల్లెలోని బాలిక పదియేండ్ల ప్రాయమున గురువు దొరకక, ఇరువది యేండ్ల ప్రాయమున విశ్వవిద్యాలయపు గుమ్మము ఎక్కలేకున్నది. పుట్టుక అను అడ్డు తొలగినను, దూరము అను అడ్డు మిగిలియున్నది. గచ్చిబౌలిలోని తలుపు చట్టప్రకారము అందరికిని తెరచియున్నదే. అయినను ఆ తలుపు వరకు నడచివచ్చు త్రోవ అందరికిని లేదు.

ఆ త్రోవలో కొంత వేయుట గ్రామములకును సాధ్యమే. వారమునకు రెండు దినములు సమీప పట్టణమునుండి ఒక గురువును రప్పించుట, గ్రంథాలయపు వసారానో పాఠశాల గదినో సాయంవేళ విడిచియిచ్చుట, పదినుండి పదునాలుగేండ్ల లోపు పిల్లలకు లభించు సాంస్కృతిక ఉపకారవేతనముల ప్రకటనను గోడపై అంటించుట పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు. గ్రామమున భాగవతము, చెక్కభజన, కోలాటము ఆడిన వృద్ధులున్నచో వారి పాటలను వ్రాసి గ్రంథాలయమున భద్రపరచుట మరియొక పని. పేరణి నృత్తము కొన్ని శతాబ్దములకు తిరిగి లేచి నిలుచుటకు కారణము, ఎవరో యొకరు ఒక గ్రంథమును కాపాడియుండుటయే. కలావంతుల యింటి విద్యలో పెక్కుభాగము నశించుటకు కారణము, వ్రాసి దాచువారు సకాలమున లేకుండుటయే. ఈ రెండు ఉదాహరణములును గ్రంథాలయము గల ప్రతి గ్రామమునకు చాలిన హెచ్చరికలు.

"చదివి ఏమి చేసి బ్రతుకుదువు?" అను ప్రశ్నను పెద్దలు అడుగుచునే యుండవలెను. అయితే దానితో పాటు, "నేర్చుకొనుటకు నీకు మేమేమి సమకూర్చితిమి?" అను ప్రశ్నను తమకు తాము వేసికొనవలెను. మొదటి ప్రశ్నకు బాలిక సమాధానము చెప్పును. రెండవదానికి సమాధానము చెప్పవలసినది గ్రామమే.